ఎగిరినవి లేని ప్రదర్శనశాల



తిరుపతిలోను శ్రీకాళహస్తిలోను మిద్దెలుగల యిండ్లవారికి ఒక అలవాటు కలదు. శ్రీహరికోటనుండి రాకెట్టు బయలుదేరునని పత్రికలో చదివిననాడు గడియారము చూచుకొనుచు, చంటిపిల్లలను చంకనెత్తుకొని, మిద్దె యెక్కి తూర్పుముఖముగా నిలుచుందురు. ధ్వని వినరాదు. మబ్బు లేనినాడు ఒక నిప్పురేఖ దిగంతమునుండి పైకి ప్రాకి, వంగి, సముద్రమువైపు సన్నగిల్లిపోవును. దాని వెనుక తెల్లని పొగచార గాలికి వంకరలు తిరుగుచు కొంతసేపు నిలుచును. అంతటితో అందరును దిగివచ్చి కాఫీ త్రాగుదురు. మనలో పెక్కండ్రము ఇట్లు దూరదర్శనము చేసినవారమే గాని, ఆ వస్తువు దగ్గర నిలిచి, అది యెంత పొడవో, యెంత లావో, దేనితో చేయబడినదో కనుగొన్నవారము కాము.

2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడి, సూళ్లూరుపేట ప్రాంతము నెల్లూరునుండి విడివడి క్రొత్తగా నేర్పడిన తిరుపతి జిల్లాలో చేరుటచేత, శ్రీహరికోట మన జిల్లాలోనిదే అయినది. చిత్తూరు వాస్తవ్యుడనైన నాకు ఈ 'మన' అనుటలో కొంత చిక్కు లేకపోలేదు. ఏలయన ఆ దినముననే తిరుపతియు మా చిత్తూరును విడిచి వేరుకాపురము పెట్టినది. ఐనను మా నోళ్లు 'మన తిరుపతి' యనుట మానలేదు కావున, ఆ లెక్కను శ్రీహరికోటయు మాదే యని నేను వాదింతును. జిల్లా సరిహద్దులు గీయువారికి ఈ వాదము నచ్చకపోవచ్చును.

ఆ హక్కుతోనే సెలవులలో మేము కుటుంబసమేతముగా అచ్చటి రాకెట్టు ప్రదర్శనశాలను చూడ బయలుదేరితిమి. నేను, నా భార్య, మా పెద్దక్క, మా కుమారుడు, కోడలు, వారి పిల్లలిరువురు. పిల్లలలో పెద్దది మనుమరాలు. ఏది చూచినను నోటుపుస్తకములో వ్రాసికొనునట్టిది. చిన్నవాడు మనుమడు, ఏది చూచినను ముట్టి చూడవలె ననునట్టివాడు. మా అక్క యౌవనము చిత్తూరు చుట్టుపట్ల పల్లెలలోనే గడచినది. రాకెట్టును గూర్చి ఆమెకు గల యభిప్రాయము 'సామికి చూపించి పంపిస్తారంట గదా' అనునంతవరకే. అదియు అబద్ధము కాదు. ప్రయోగమునకు ముందు ఇస్రోవారు రాకెట్టుయొక్క చిన్న నమూనాను తిరుమలకు తెచ్చి శ్రీవారి సన్నిధిని పూజ చేయించుట, సూళ్లూరుపేటలోని చెంగాళమ్మ గుడిలో మ్రొక్కుకొనుట యేండ్లతరబడి వచ్చుచున్న ఆచారము. చంద్రయాన్-3 వెళ్లుటకు ముందటి దినమునను అట్లే జరిగినది. శాస్త్రజ్ఞులకు ఇది తగునా యని వాదించువారు కలరు. నేను ఆ వాదములో దిగను; వందల కోట్ల ధనము, ఎందరో యేండ్లు పడిన శ్రమ ఒక్క నిముసములో తేలిపోవు పని చేతబట్టినవాడు ఏ గుమ్మము నెక్కినను నాకు ఆశ్చర్యము లేదు.

రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట: ఇది దారి. శ్రీకాళహస్తిలో దిగవలె నని అక్కయు, వచ్చునప్పుడు చూతమని కుమారుడును కొంత తర్కించుకొనిరి, కుమారుడే గెలిచెను. సూళ్లూరుపేట దాటిన తరువాత పులికాటు సరస్సును కోసికొనుచు పోవు రోడ్డు మాత్రము వేరు లోకము. ఇరుప్రక్కల ఉప్పునీరు, నీరు తగ్గినచోట్ల తెల్లని బురదనేల, ఆకాశము నేలమీద పరచినట్లుండు వెలుగు. మనదేశములోని ఉప్పునీటి సరస్సులలో ఒరిస్సాలోని చిలకకు తరువాత పెద్దది యిదియే. శీతకాలమున ఇచ్చటికి రాజహంసలు వేలకొలదిగా దిగును. సూళ్లూరుపేటకు సమీపముననున్న నేలపట్టు చెరువులో గూడబాతులు చెట్లనిండ గూళ్లు కట్టి పిల్లలను చేయును. మేము వెళ్లిన కాలమునకు రాజహంసలింకను నిండుగా రాలేదు గాని, గూడబాతులు కొన్ని, రెక్క కదపకయే గాలిలో జారుచు, మా బండికి సమాంతరముగా కొంతదూరము వచ్చినవి.

ఆ పక్షులను చూచుచు నేను పిల్లలకు ఒక సంగతి చెప్పితిని. శ్రీహరికోటలోని ప్రయోగకేంద్రమునకు సతీష్ ధవన్ పేరు పెట్టియున్నారు. ఆయన 1972 మొదలు 1984 వరకు ఇస్రోకు అధ్యక్షుడు. ఆ కాలముననే బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకును చాలవరకు సంచాలకుడు. వాయువు ఒక వస్తువుయొక్క ఉపరితలమును రాచుకొనుచు ప్రవహించునప్పుడు ఏమగును అనునది ఆయన జీవితమంతయు శోధించిన విషయము. అట్టి మహానుభావుడు పక్షుల యెగురుటను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. రాకెట్లు చేయించినవాడు పక్షులను గూర్చి వ్రాయుట నాకు ముచ్చటగా తోచును. ఆయన 2002 జనవరిలో పరమపదించిన పిమ్మట, ఆ సంవత్సరమే సెప్టెంబరు 5న కేంద్రమునకు ఆ పేరు పెట్టునప్పుడు, గూడబాతులు తిరుగు ఈ నీటియొడ్డున ఆ పేరు చక్కగా అతికినది.

శ్రీహరికోట ఒక దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు. నడుమ ఉత్తరదక్షిణములుగా సాగిన సన్నని యిసుకనేల. ఇస్రో చేతికి రాకమునుపు ఇచ్చట సరుగుడు, నీలగిరి తోటలుండెడివి. మదరాసునకు వంటచెరకు ఇచ్చటినుండి పోయెడిది. అడవిలో యానాదులు నివసించెడివారు. తేనె, దుంపలు, చేపలు, మందుమొక్కలు వారి జీవనాధారము. ఏ ఆకు ఏ కాటుకు విరుగుడో వారికి తెలిసినంత మరియొకరికి తెలియదని పెద్దలు చెప్పుదురు. కేంద్రము వచ్చినప్పుడు వారిలో పెక్కుకుటుంబములు తమ తావులు విడువవలసివచ్చినది. గొప్ప కార్యముల చరిత్రలో ఈ పుట పల్చగా నుండుట లోకరీతి. కావున ఇచ్చట ఒక్కమాట యైనను చెప్పి ముందునకు సాగుచున్నాను.

ఈ దీవినే యేల యెన్నుకొనిరి? 1969లో విక్రమ్ సారాభాయి కాలముననే ఈ తావు నిర్ణయమైనది. కారణము భూమి తిరుగు దిక్కు. భూమి పడమటనుండి తూర్పునకు తిరుగుచున్నది గదా. భూమధ్యరేఖకు ఉత్తరమున పదమూడు డిగ్రీలు దాటియున్న ఈ యిసుకమీద నిలుచున్న మనమును, మన మెరుగకయే, గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు పోవుచున్నాము. రాకెట్టును తూర్పునకే విడిచినచో ఆ వేగము దానికి ఉచితముగా లభించును. భూమి చుట్టును తిరుగు కక్ష్యలో నిలువవలెనన్న గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగము కావలె. అందులో ఇంతపాటి భాగమును భూమాత తానే యిచ్చుచుండగా కాదనువాడెవడు? రెండవ కారణము, తూర్పున ఊళ్లు లేవు, సముద్రము. పడినను నీటిలోనే పడును. దక్షిణమునకు మాత్రము అంత సుకరము కాదు. ధ్రువముల మీదుగా తిరుగు ఉపగ్రహములను పంపునప్పుడు సూటిగా దక్షిణమునకు విడిచిన సింహళము అడ్డము వచ్చును. కావున ముందు ఆగ్నేయముగా పోయి పిదప దారి మరల్చుకొనవలెను, అందులకు ఇంధనము వ్యర్థమగును. ఆ చిక్కును తప్పించుటకే తమిళనాడున కులశేఖరపట్టణము దగ్గర మరియొక ప్రయోగస్థలమునకు 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది.

ఇక ప్రదర్శనశాల. గుర్తింపుకార్డులు చూపి లోపల ప్రవేశించితిమి. చల్లని గదులలో వరుసగా నమూనాలు, చిత్రపటములు, పటముల క్రింద వివరణములు, బయట తోటలో నిలువబెట్టిన రాకెట్టు ఆకృతులు. నేను చాలసేపు ఆగినది అతి చిన్నదాని దగ్గర. రోహిణి-125 అని దాని పేరు. ఆ సంఖ్య దాని వ్యాసము, మిల్లీమీటర్లలో. అనగా జానెడైనను లేదు. మా మనుమడు గాలిలో రెండు చేతులు కలిపి వలయము చేసి, ఇంతే గదా యని చూపెను. ఇంతే. 1971 అక్టోబరు 9న ఈ దీవినుండి మొట్టమొదట ఎగిరినవి ఇట్టి చిన్ని రాకెట్లే. పై గాలులను పరిశీలించి కొన్ని నిముసములలో సముద్రమున పడిపోవునవి. కక్ష్యలో నిలుచు శక్తి వానికి లేదు. సారాభాయి ఆ సంవత్సరము డిసెంబరు 30న మరణించెను. ఈ దీవినుండి తాను కోరినదానిలో ఆయన కాలమున జరిగినది ఇంతమాత్రమే.

దాని తరువాతి వరుసలో ఎస్.ఎల్.వి.-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు అంచెలు, నాలుగింటను ఘనఇంధనము. ఇదంతయు కలిసి పైకి మోయగలిగినది నలువది కిలోలు! ఒక బియ్యపుమూటను నిలుపుటకు అంత గోపురము కావలసివచ్చినది. అచ్చటినుండి నడచుచు పోయి ఎల్.వి.ఎం.-3 దగ్గర నిలిచినవానికి కాలము కండ్లయెదుట సాగినట్లుండును. దాని బరువు 640 టన్నులు. చంద్రయాన్-3ను 2023 జులై 14న మోసికొనిపోయినది ఇదియే. నడుమ నున్నది పి.ఎస్.ఎల్.వి.; దీని కూర్పులో నాకు నచ్చిన వింత యొకటి కలదు. మొదటి అంచె ఘనము, రెండవది ద్రవము, మూడవది మరల ఘనము, నాలుగవది మరల ద్రవము. ఘనఇంధనము బలమైనది గాని ఒకసారి అంటుకొన్న ఆర్పుట సాధ్యము కాదు. ద్రవఇంధనము మన చెప్పుచేతలలో నుండును, ఆపవచ్చును, మరల వెలిగింపవచ్చును. కావుననే తుదకు ఉపగ్రహమును సరియైన తావున దింపు సున్నితమైన పనిని ద్రవమునకు విడిచినారు. 2017 ఫిబ్రవరి 15న ఒక్క ప్రయాణములో 104 ఉపగ్రహములను వరుసగా విడిచినది ఈ జాతిదే.

ఈ నడుమనే మా మనుమరాలు ఆ ప్రదర్శనశాలకంతకును మూలమైన ప్రశ్న వేసినది. పి.ఎస్.ఎల్.వి. ముందర నిలిచి, అచ్చట వివరణము చెప్పుచున్న యువకుని చూచి, "అన్నా, ఇది నిజం రాకెట్టేనా?" అని యడిగినది.

"కాదు పాపా, నమూనా."

"మరి నిజందాన్ని యాడ పెట్టినారు?"

ఆ యువకుడు నవ్వి, "నిజంది పోయింది గదమ్మా. పోయింది మళ్లా రాదు" అనెను.

పిల్లకు ఆ సమాధానము చాలలేదు. నాకును చాలలేదు. కొంతకాలము క్రిందట మేము విశాఖపట్టణము వెళ్లినప్పుడు సముద్రపుటొడ్డున టి.యు.-142 విమానప్రదర్శనశాలను చూచియుంటిమి. ఆ విమానము నౌకాదళమువారిది. 1988లో సేవలో చేరి, 1992 మొదలుకొని మన పొరుగుననున్న అరక్కోణము రాజాళి స్థావరమునుండి ఎగురుచు, సముద్రముమీద జలాంతర్గాములను వెదకుచు, 2017 మార్చిలో విశ్రాంతి తీసికొనినది. నాలుగు ఇంజనులు, ఒక్కొక్కదానికి ఎదురెదురుగా తిరుగు జంట పంకాలు. ఆ జంటపంకాల ఘోష ఎట్టిదో నగరి, పుత్తూరు, తిరుత్తణి ప్రాంతములవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి విమానము ఆ సంవత్సరము ఏప్రిలులో తన రెక్కలమీదనే విశాఖకు ఎగిరిపోయి, డిసెంబరునుండి ప్రజలదైనది. మెట్లెక్కి దాని కడుపులోనికి పోవచ్చును. అరిగిన మీటలు, మాసిన ఆసనములు చూడవచ్చును. మా మనుమడు దాని చక్రమును తనివిదీర తట్టి వచ్చెను. అది సముద్రములమీద తిరిగిన ఆ చక్రమే, ఆ రెక్కయే, ఆ లోహమే.

విమానమునకును రాకెట్టునకును గల భేదము ఇచ్చటనే యున్నది. విమానము తిరిగి వచ్చుటకే పోవును. తిరిగి రానిది ప్రమాదమనిపించుకొనును. కావున విమానశాలలలో నిజమైన వస్తువులుండును. వాషింగ్టను నగరములోని ప్రదర్శనశాలలో 1903 డిసెంబరు 17న పండ్రెండు సెకండ్లు ఎగిరిన రైటు సోదరుల విమానమే యున్నది. మరి రాకెట్టు? అది తిరిగి రాకపోవుటయే దాని విజయము. మొదటి అంచె కాలి సముద్రమున మునుగును, రెండవది దానిని అనుసరించును, ముక్కుమీది కవచము విచ్చి రాలిపోవును, తుది అంచె ఉపగ్రహమును దింపి తానును దిక్కులేనిదై తిరుగును, లేదా దిగివచ్చి గాలిలో భస్మమగును. సక్రమముగా జరిగిన ప్రయోగమునుండి ప్రదర్శనశాలకు మిగులునది శూన్యము. అమెరికాలో మనుష్యులను చంద్రునికడకు పంపిన శాటర్న్-5 రాకెట్లు 110 మీటర్ల పొడవుగలవి. ఫ్లారిడాలోను హ్యూస్టనులోను పడుకోబెట్టి చూపుచున్నవి ఎన్నడును ఎగురనివి, చాలవరకు ప్రయాణములు రద్దయి మిగిలిపోయినవి. ఎగిరినవానిలో మరలినది చివరనున్న చిన్నగది మాత్రమే. అపోలో-11 గది వాషింగ్టనులో భద్రముగా నున్నది. కావున ఎంతటి సంపన్నదేశమైనను ఎగిరిన చంద్రరాకెట్టును నిలువుగా నిలిపి చూపజాలదు. బొమ్మనైనను చూపవలె, వెళ్లలేకపోయినదానినైనను చూపవలె.

ఇదంతయు నేను పిల్లలకు ఓపికగా చెప్పుచుండగా, అంతవరకు చెక్కబెంచీమీద కాళ్లు సేదదీర్చుకొనుచున్న మా అక్క, "మన కొండమీద అసలుసామి గర్భగుడిలోనే ఉంటాడు, ఉత్సవరు గదా వీధుల్లోకి వచ్చేది. ఈడ తిరగబడిండాది. అసలుది ఊరేగబోయింది, ఉత్సవరు గుళ్లో కూర్చోనుండాడు" అనెను. ఆ యువకుడు పకపక నవ్వి, ఆ మాటను ఇకమీద వచ్చినవారికి తాను చెప్పుకొందునని ఆమె యనుమతి అడిగెను. నేను అరగంట చెప్పినది ఆమె అరనిముసమున ముగించుట నాకు కొంత కష్టముగానే తోచినదని ఇచ్చట ఒప్పుకొనవలెను.

మధ్యాహ్నము చెట్లనీడను కూర్చుండి పులిహోర, పెరుగన్నము, ఊరుబిండి తింటిమి. తినుచు నేను వారికి 1979 కథ చెప్పితిని. ఈ తావునకు వచ్చి ఆ కథ చెప్పక పోరాదని నా నియమము. ఆగస్టు 10. ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయాణము. కార్యమునకు సంచాలకుడు అబ్దుల్ కలాము. కౌంటుడౌను చివరిఘడియలలో గణకయంత్రము ఆగుమని సూచించినది. నిపుణులు లెక్కలు చూచి, ద్రవము కొద్దిగా కారినను కావలసినంత మిగిలియున్నదని చెప్పగా, ఆయన యంత్రపు మాట ప్రక్కకు నెట్టి విడువుమనెను. మొదటి అంచె చక్కగా మండినది. రెండవ అంచెలో, దిశను నిలుపు వ్యవస్థకు కావలసిన నత్రికామ్లము ఒక కవాటముగుండ కారిపోయియుండుటచేత అదుపు తప్పినది. అయిదు నిముసములు దాటునప్పటికి అంతయు సముద్రములోపల. ఏండ్ల శ్రమ ఇట్లు ముగియుట కలామును నిలువునా కూల్చినది. పత్రికలవారు కాచుకొని యుండిరి. అప్పుడు ధవన్ తానే వారి యెదుట కూర్చుండి, బాధ్యత తనదని చెప్పి, తన సహచరులయందు తనకు నమ్మకము కలదని, మరుసటి యేడు సాధింతుమని ప్రకటించెను. 1980 జులై 18న ఉదయము ఎస్.ఎల్.వి.-3 ముప్పదియైదు కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆ దినము పత్రికలవారియెదుటికి పోవునప్పుడు ధవన్, 'నీవే మాట్లాడుము' అని కలామును ముందునకు పంపెనట. కలాము రాష్ట్రపతి యైన తరువాతను ఈ సంగతిని ఎన్నో సభలలో చెప్పుచుండెడివాడు.

అపజయములు అంతటితో తీరలేదు. ఎస్.ఎల్.వి. తరువాతి రాకెట్టైన ఎ.ఎస్.ఎల్.వి. 1987లోను 1988లోను వరుసగా విఫలమైనది; ఇంతటి కీర్తిగాంచిన పి.ఎస్.ఎల్.వి.యు 1993 సెప్టెంబరు 20న తన తొలి ప్రయాణమున సముద్రముపాలైనది. ప్రదర్శనశాలలు ఏ దేశమున నున్నను సామాన్యముగా జయములకే గాజుపెట్టెలు కట్టును. నన్నడిగినచో, కారిపోయిన ఆ కవాటమువంటిది ఒకటి చేయించి, దానిని పి.ఎస్.ఎల్.వి. నమూనాకంటె ముందుగా, పిల్లల కంటికి సరియెత్తున ఉంచుదును. ఆరువందల టన్నుల రాకెట్టును చూచి పిల్లవాడు నోరు తెరచును. ఒక్క చిన్న కవాటము పదునేడు టన్నులను ముంచినదని వినిన పిల్లవాడు ఇంటికి పోయి ఆలోచించును.

ప్రయోగములు చూచుటకు ప్రజలకై 2019లో తెరచిన గ్యాలరీని కూడ చూచితిమి. మెట్లవలె కట్టిన బహిరంగస్థలము, వేలమంది కూర్చుండవచ్చును, ముందుగా పేర్లు నమోదు చేసికొన్నవారికి ప్రవేశము. ఆ దినము ప్రయోగము లేదు. ఎండలో ఖాళీమెట్లు చూచుట పెద్ద వినోదము కాదు గాని, మా కోడలు మాత్రము ఈసారి రాకెట్టు ఉన్ననాడే రావలెనని అప్పటికప్పుడే నిశ్చయించినది. మిద్దెమీది ప్రేక్షకులు ఆ యింట ఒకరు తగ్గినట్లే.

తిరుగుప్రయాణములో బండిలో మా మనుమరాలు నోటుపుస్తకము తీసి, ఆ యువకుని సమాధానమును వదలక పట్టుకొన్నది. నిజమైనవి పోయినవి సరే, పోయి యెచ్చట నున్నవి? తండ్రి ఫోనులో వెదకుచు, నేను జ్ఞాపకమున్నంత చెప్పుచు, ఆమె వ్రాసినది. 2008 అక్టోబరు 22న వెళ్లిన చంద్రయాన్-1: మరుసటి యేడు ఆగస్టులో మాటలు ఆగిపోయినవి, ఐనను 2016లో అమెరికావారు భూమినుండి రాడారు ప్రసరించి చూడగా, మూగదై చంద్రుని చుట్టును తిరుగుచునే యున్నట్లు తేలినది. 2013 నవంబరు 5న వెళ్లిన మంగళయానము: కుజుని చుట్టు, 2022లో మాటలు ఆగినవి. చంద్రయాన్-3 దింపిన విక్రమ్, ప్రజ్ఞాన్: చంద్రునిమీద, దక్షిణధ్రువమువైపు, 2023 ఆగస్టు 23న దిగినచోటికి సమీపముననే, కదలక. ఆదిత్య: సూర్యునివైపు, భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున. ఈ చిట్టా చూచుచుండగా నాకు తోచినదేమనగా, శ్రీహరికోటలో మేము చూచినది వాకిలి; అసలు వస్తువులుంచిన చావడి పైనున్నది, దానికి టిక్కెట్టు ఇంకను అమ్మబడుటలేదు.

తిరిగివచ్చినవియు లేకపోలేదని మా కుమారుడు గుర్తుచేసెను. 2007 జనవరిలో పంపిన ఒక చిన్నగది పండ్రెండు దినములు భూమిని చుట్టి, ఉష్ణమును తట్టుకొని, బంగాళాఖాతమున క్షేమముగా దిగినది. నౌకలు పోయి తెచ్చినవి. 2023 అక్టోబరు 21న గగనయానమునకు పరీక్షగా శ్రీహరికోటనుండి ఎగురవేసిన గదియు సముద్రమునుండి మరలివచ్చినది. ఇక మనుష్యులు పోవుదురట. పోయినవారు రాక తప్పదు. అమెరికాలో 2015 డిసెంబరునుండి రాకెట్టుయొక్క మొదటి అంచె తానే వచ్చి కాళ్లమీద నిలుచుచున్నది. కావున నేను ఇంతసేపు చెప్పిన భేదము మా మనుమల కాలమునకు చెరిగిపోవచ్చును. అప్పటి ప్రదర్శనశాలలో వారి పిల్లలు మాడిన రాకెట్టునే ముట్టి, చేతికి మసి పూసికొని, తల్లిచేత చీవాట్లు తినవచ్చును.

శ్రీకాళహస్తిలో, ఇచ్చిన మాటప్రకారము, అక్కకు స్వామిదర్శనము చేయించితిమి. తరువాత తిరుపతి దాటి చిత్తూరు రోడ్డున గాదంకి సమీపించునప్పటికి చీకటి పడినది. అచ్చట రోడ్డుప్రక్కన జాతీయ వాతావరణ పరిశోధనశాల కలదు. వేయింటికి పైగా ఆంటెన్నాలను ఒక పొలమంత మేర వరుసలుగా నాటి, మన నెత్తిమీది గాలి ఏ యెత్తున ఎటు వీచుచున్నదో కనిపెట్టుచుందురు. ఏండ్లతరబడి ఆ దారిన బస్సులో పోవుచు నేను ఆ పలకను చదివితినే గాని లోపల నేమున్నదని విచారింపలేదు. పిల్లలకు చూపవలెనన్న ముందుగా అనుమతి అడుగవలసియుండును. జాబు వ్రాయుట నా వంతు.

బండి పాకాల దాటునప్పటికి మనుమడు నిద్రపోయెను. మనుమరాలు మాత్రము చిట్టాలో ఒక గీత ఖాళీ విడిచి కూర్చున్నది. "తాతా, పడిపోయిన ఎస్.ఎల్.వి.ని రాయాల్నా వద్దా? అది యాడికీ పోలేదు గదా" అని యడిగినది. నేను ఆలోచించునంతలో మా అక్క, కన్నులు మూసికొనియే, "సముద్రంలో ఉండాది గదా, రాసుకో. దానికీ ఖర్చు పెట్టినారు" అనెను.